బంతిలో లేనివాడు

పాలు పొంగు మీదికి వచ్చి గిన్నె అంచు తాకబోతుండగా చంద్రశేఖరం మంట తగ్గించాడు. గరిటె పెట్టి అడుగంటా ఒకసారి తిప్పాడు. గట్టు మీదున్న పొట్లాన్ని పళ్లతో చింపబోయి, ఎంగిలవుతుందని ఆగి, కత్తెరతో మూల కత్తిరించాడు. తెల్లటి పొడి నురగ మీద రాలింది. కాసేపు తేలింది. మెల్లగా లోపలికి దిగిపోయింది. రెండో పొట్లం కూడా కత్తిరించాడు. అదీ అలాగే దిగింది.

మొదట్లో ఒక్కటే వేసేవాడు. ఇంటి మనవడు చినబాబు తిండి మానేసి నీరసపడ్డాక, రెండు వెయ్యమని ఇంటి ఇల్లాలు పార్వతీదేవి చెప్పింది.

గిన్నె దించి నీళ్ల పళ్లెంలో పెట్టాడు. సన్నటి పొడుగాటి చేతులు అతనివి. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు, గరిటె కాడ ఆని ఆని చదునైపోయిన బొటనవేలు. వెనకటికి గుండిగెడు పులుసు ఒక్కడే ఎత్తి వార్చిన చేతులు. ఈ మధ్య పాలగిన్నె ఎత్తాలన్నా ముందు ఒకసారి నిలబడి ఊపిరి తీసుకోవలసి వస్తోంది. వయసు అనుకున్నాడు. అరవై ఎనిమిది దాటాక ఇంకేమనుకుంటాడు.

ఈ పొడి ఇంట్లోకి వచ్చింది రథసప్తమి వెళ్లిన వారంలో. ఇంటి పెద్ద భీమశంకరరావుకి రాజాం బజారులో పప్పుల హోల్‌సేల్ దుకాణం. గల్లాపెట్టె దగ్గర నీడలో కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేశాయి. డాక్టరు ఎముకల బలానికని ఈ పొట్లాలు రాశాడు. కొడుకు ప్రదీప్, ఏ సరుకైనా బస్తాల్లో కొనే అలవాటు కొద్దీ, స్నేహితుడి మందుల షాపు నుంచి ఒక పెద్ద పెట్టె తెచ్చాడు. రెండు మూడు పొట్లాలకే పెద్దాయన మెట్లెక్కగలిగాడు. అది చూసి పార్వతీదేవి వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఏటి పంతులుగారూ, బలం మందు ఒక్కరికే ఏటి? పాలగిన్నెలో కలిపీండి, అందరూ తాగుతారు. మా ఇంట్లో ఒకలికొకటి, ఇంకొకలికొకటి ఎప్పుడైనా సూసారా?"

చంద్రశేఖరం తల ఊపాడు. ఆమె చెప్పకపోయినా అతను కలిపేసి ఉండేవాడేమో. ఒకే చోట కూర్చున్నవాళ్లలో ఒకరి గ్లాసులో మాత్రం ఏదో వేసి, పక్కవాళ్ల గ్లాసులో వెయ్యకుండా దాటిపోవడం ఆ మొదటి రోజుల్లో అతని చేతికి ఎంత కష్టంగా తోచిందో అతనికే తెలుసు. ముందు ఆదివారాలు కలిపాడు. బలం ఆదివారమే ఎందుకని పార్వతీదేవి అంది. అప్పటినుంచీ రోజూ కలుపుతున్నాడు.

పాలు చల్లారి మీగడ కట్టింది. అందరి గ్లాసులూ ఒకే ఎత్తుకు పోశాడు. చినబాబు చిన్న గ్లాసులోకి మాత్రం మీగడంతా గరిటెతో తీసి వేశాడు. చిన్నతనం దాటాక అతను చేసిన ఒకే ఒక్క తేడా అది. నాలుగేళ్ల పిల్లవాడు. "వంట తాతా" అని నడుం పట్టుకు వేలాడేవాడు.

హాల్లో కోడలు హర్షిత ఒళ్లో పిల్లవాడు తల వాల్చి ఉన్నాడు. పెదాలు ఎండిపోయి పొట్టు లేచాయి. రాత్రంతా నీళ్లు, నీళ్లు అని ఏడ్చి, తాగినవన్నీ కక్కేశాడట. నిన్న రక్తం తీశారు. ఇవాళ విజయనగరంలో పిల్లల డాక్టరు దగ్గరికి ప్రయాణం.

"ఒక్క గుక్క నాన్నా. వంట తాత మీగడ వేశారు చూడు." హర్షిత గ్లాసు పెదాలకు ఆనించింది. పిల్లవాడు మొహం తిప్పుకున్నాడు. ఆమె గడ్డం పట్టుకుని రెండు గుక్కలు పట్టించింది. చంద్రశేఖరం గుమ్మంలోనే నిలబడి, ఆ రెండు గుక్కలూ దిగేదాకా చూసి, లోపలికి వెళ్లాడు.

గిన్నె అడుగున కొద్దిగా పాలు, వాటి కింద కరగని తెల్లటి పొడి. ఎప్పటిలాగే అందులో వేడినీళ్లు పోసి, కలియబెట్టి, గిన్నె ఎత్తి తాగేశాడు. నాలిక మీద ఇసకలా తగిలింది. వంటవాడి వాటా అదే. చిన్నప్పటినుంచీ అంతే, అందరూ తిన్నాక గిన్నెకు అంటుకున్నది.

వెనక గుమ్మంలో పీట వేసుకుని లక్ష్మణమ్మ అంట్లకు కూర్చుంది. రెండు పూటలా వచ్చి గిన్నెలు తోమి వెళుతుంది.

"ఆ గిన్నె కూడా నువ్వే కడిగీసినావేటి పంతులుబాబూ! ఇంక నాకు జీతమెందుకు, నీకే ఇప్పించీమంతాను అమ్మగోరికి."

అతను గిన్నె ఆమె ముందు పెట్టాడు.

"నీ మొకం సూసుకున్నావా అద్దంలో? దవళ్లు పీక్కుపోనాయి. కళ్లు గుంటలయిపోనాయి. ఎన్ని సెంబులు తాగుతన్నావు నీళ్లు? నాను సూస్తనే ఉన్నాను. సుగరేమో. ఓసారి ఆస్పత్రికెల్లి సూపించుకో బాబూ."

"వేసవికాలం కదే."

"వేసవికాలం నాకూ వచ్చినాది. నాను తాగుతన్నానా అన్ని?"

అతను నవ్వాడనిపించేటట్టు పెదాలు కదిపి, కుండలోంచి చెంబు ముంచుకున్నాడు.

హర్షితనీ పిల్లవాణ్ణీ ఎక్కించుకుని ప్రదీప్ కారు వెళ్లిపోయింది. భీమశంకరరావు దుకాణానికి వెళ్లాడు. లక్ష్మణమ్మ పని ముగించుకుని, కొంగు దులుపుకుని, సాయంత్రం వస్తానని వెళ్లింది. పార్వతీదేవి దేవుడి గదిలో కూర్చుని మొక్కులు మొక్కుతోంది. అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కింది, ప్రదక్షిణలు చేయిస్తానంది. ఆ మాట వినపడి చంద్రశేఖరం తొక్క తీస్తున్న ఆనపకాయ పక్కన పెట్టి, కూర్చున్న చోటినుంచే దణ్ణం పెట్టాడు.

ఆ కోవెల వీధిలోనే పుట్టాడతను. తండ్రి పెళ్లిళ్లకీ, ఒడుగులకీ వంటలు చేసేవాడు. మూడో తరగతిలో ఉండగా ఒకనాడు తండ్రి బడికి వచ్చి, మేష్టారికి దణ్ణం పెట్టి, కొడుకుని తీసుకుపోయి చేతికి నేతిగిన్నె ఇచ్చాడు. పలక బడిలోనే ఉండిపోయింది. "మొహాలు చూడకు. విస్తళ్లు చూడు" అని మాత్రం చెప్పాడు. తండ్రి కూడా పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

నరసన్నపేటలో ఒక పెళ్లిలో భోజనాల బంతి చివర తల్లి కూర్చుంది. అందరికీ ఒక్కొక్క బూరె వేసుకుంటూ వచ్చి, ఆమె విస్తట్లో రెండు వేశాడు. వెనకాలే తండ్రి వచ్చి, వంగి, రెండో బూరె తీసి పళ్లెంలో వేసుకుని ముందుకు వెళ్లిపోయాడు. తల్లి తల వంచుకుని ఉన్నదే తింది. పంక్తిలో భేదం చూపిస్తే ఆ చెయ్యి వడ్డనకు పనికిరాదని ఆ రోజు అతనికి ఎవరూ నోటితో చెప్పనక్కర్లేకపోయింది.

తరవాత ఎన్ని ఊళ్లు, ఎన్ని బంతులు. గవర్నమెంటు ఆఫీసరు పక్కన బండివాడు కూర్చుంటే ఇద్దరికీ ఒకటే గరిటె. భార్య జ్ఞానాంబ జ్వరంతో పోయిన కబురు పాలకొండలో బంతి నడుస్తుండగా వచ్చింది. మజ్జిగ ఇంకా సగంమందికి పడలేదు. చివరి విస్తరిదాకా మజ్జిగ పోసి, బొక్కెన దించి, అప్పుడు బస్సెక్కాడు. బంధువులు ఆ మాట పట్టుకుని చాలా అన్నారు. అతనికి మాత్రం ఇంకోలా చెయ్యడం ఎలాగో తెలియలేదు.

ఆ తరవాత బంతులే పోయాయి. జనం పళ్లేలు పట్టుకుని నిలబడి, తమకు కావలసింది తామే వేసుకోవడం మొదలుపెట్టారు. టోపీలు పెట్టుకున్న కేటరింగు కుర్రాళ్లు వచ్చారు. చంద్రశేఖరం రాజాం వచ్చి ఈ ఇంట్లో కుదురుకున్నాడు. వీళ్లు బల్ల చుట్టూ కుర్చీల్లో కూర్చుంటారు. అయినా అతని కంటికి అది బంతే. అందరికీ వడ్డించి, అందరూ లేచాక, వంటింట్లో ఒక మూల నిలబడి తింటాడు. వడ్డించేవాడు బంతిలో కూర్చోడు.

ఆనపకాయ ముక్కలు సగంలో ఉండగా పెరట్లోకి వెళ్లి తాగిన నీళ్లన్నీ కక్కి వచ్చాడు. గోడకు చేయి ఆన్చి నిలబడ్డాడు. వారంగా కడుపు కదలడం లేదు. అన్నం ముద్ద గొంతులో తిరగబడుతోంది. చిత్రంగా పిల్లవాడికీ ఇలాగే ఉందని తోచింది. ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది. కత్తిపీట ముందు మళ్లీ కూర్చున్నాడు.

ఫోను మోగింది. పార్వతీదేవి పరుగున వచ్చి తీసింది. చేతులు తడబడి స్పీకరు ఆన్ అయింది.

"అమ్మా, పంతులుగారున్నారా? పిలు."

"బాబుకెలా ఉన్నాదిరా? ముందది సెప్పు."

"సెప్తాను గానీ ముందు ఆయన్ని పిలు. డాక్టరుగారు మాటాడతారంట."

చంద్రశేఖరం చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్లకు బారెడు దూరంలో నిలబడ్డాడు. ఫోను బల్ల మీద పెట్టింది ఆమె.

"పెద్దాయనా, నేను ఉదయభాస్కర్‌ని, పిల్లల డాక్టర్ని. కంగారు పడకండి. పిల్లవాడికి ఏమేం ఇస్తున్నారో నాకు చెప్పండి."

"పాలండి. ఇడ్లీ. పప్పూ అన్నం. ఇప్పుడేమీ తినటం లేదండి."

"టానిక్కులు, పొడులు?"

"బలం పొడి అండి. పాలల్లో."

"వారానికోసారేనా?"

"రోజూ అండి."

అటునుంచి కాగితాలు తిరగేస్తున్న అలికిడి. ఎవరిదో పసిపిల్ల ఏడుపు, తలుపు చప్పుడు.

"రోజుకి ఎంత?"

"ఒక పొట్లం. ఈ మధ్యన రెండు. పిల్లవాడికే కాదండి, గిన్నెలో వేస్తాను. అందరికీ."

"అందరికీ సమానంగా పోస్తే వీడి రక్తంలో ఇంత ఎందుకుందో నాకు అర్థం కావటం లేదు."

చంద్రశేఖరం గొంతు సవరించుకున్నాడు. "మీగడండి. మీగడంతా బాబుకే వేస్తాను."

డాక్టరు గట్టిగా ఊపిరి వదిలిన శబ్దం ఫోనులోంచి వినిపించింది. "అదీ సంగతి. ఇది కొవ్వులో కలిసే మందు పెద్దాయనా. డి విటమిను. సి లాంటిదైతే ఎక్కువైంది చాలామటుకు మూత్రంలో పోతుంది. ఇది పోదు. ఒంట్లోనే నిలవుండిపోతుంది. రక్తంలో సున్నం, అదే కాల్షియం, పెంచేస్తుంది. దాహం, వాంతులు, మలబద్ధకం, మగత, అన్నీ దానివల్లే. అలాగే వదిలేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. గుండె లయ తప్పుతుంది."

"బలం మందు గదా బాబూ!" అంది పార్వతీదేవి. "బలం ఎక్కువైతే సెడ్డా?"

"అమ్మా, మీది దుకాణం కదా. వచ్చిన వాళ్లందరికీ ఒకటే తూకం వేసి పంపించేస్తారా? ఆ పొట్లం మీ ఆయనకి రాసింది. వారానికి ఒకటి. అదీ రెండు నెలలు, ఆ పైన ఆపి రక్తం చూడాలి. ఆయన కొలత ఆయనది, పిల్లవాడి కొలత పిల్లవాడిది. ఆ ఒక్క పొట్లంలో ఈ వయసువాడికి మూడు నెలలకు పైగా సరిపడే సరుకుంది. పిల్లల కోసమని వేరే చుక్కలుంటాయి, అవి కూడా డాక్టరు చెప్తేనే వెయ్యాలి."

పార్వతీదేవి కుర్చీలో కూలబడింది. "ఆడు బతుకుతాడా బాబూ?"

"సెలైను పెట్టాం. చేర్చుకున్నాం. ఇవాళా రేపూ గడిస్తే మూత్రపిండాల సంగతి తెలుస్తుంది. సమయానికే తెచ్చారనుకుంటున్నాను. ఇంట్లో ఆ పాలు తాగినవాళ్లందరూ ఇవాళే రక్తం ఇవ్వాలి. ఎవరినీ వదలొద్దు. మిగిలిన పొట్లాలు పిల్లల చేతికందకుండా పక్కన పెట్టెయ్యండి."

ప్రదీప్ గొంతు మళ్లీ వచ్చింది. బొంగురుగా ఉంది. "వారానికోసారని పొట్లం మీదే ఉన్నాదమ్మా. పెట్టె తెచ్చినోణ్ణి నేను. నేనూ సూళ్లేదు." ఫోను ఆగిపోయింది.

పార్వతీదేవి చంద్రశేఖరం వైపు చూడలేదు. "నేనే గదా అందరికీ అన్నాను" అంది గోడతో చెప్పినట్టు. "రెండోది కూడా నేనే అన్నాను."

తిట్టి ఉంటే అతను నిలబడగలిగేవాడు. తిట్లు పడ్డవాడే. పులుసులో ఉప్పు ఎక్కువైందని, అప్పడం నల్లబడిందని ఎన్నోసార్లు తిన్నాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వంటింట్లోకి వచ్చి తన కుడిచెయ్యి చూసుకున్నాడు. ఈ చేత్తోనే ప్రేమకొద్దీ మీగడ తీసి వేశాడు. ఎవరికి ఎంత సరిపడుతుందన్న మాట ఆ చేతికి ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు. తండ్రి విస్తళ్లు చూడమన్నాడు. విస్తళ్లే చూశాడు. విస్తరి ముందు కూర్చున్నది నాలుగేళ్ల ప్రాణమో, డెబ్భైయేళ్ల ప్రాణమో చూడలేదు.

భీమశంకరరావు ఆటోలో వచ్చి బయటే కూర్చున్నాడు. భార్యాభర్తలిద్దరూ బజారులో రక్తపరీక్ష చేసే చోటికి వెళ్లాలి. పార్వతీదేవి చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగింది.

"పంతులుగారూ, మీరు పాలు తాగరు గదా?"

అతను అటే చూశాడు. ఆమె కళ్లు ఏడ్చి ఎర్రగా ఉన్నాయి. ఆటోవాడు హారను కొడుతున్నాడు.

"నేను బంతిలో లేను కదమ్మా."

ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

ఆటో సందు తిరిగాక అతనికి గిన్నె అడుగు గుర్తొచ్చింది. నాలిక మీద ఇసకలా తగిలే పొడి గుర్తొచ్చింది. దాహం, వాంతులు, డాక్టరు చెప్పినవన్నీ ఒక్కొక్కటే వచ్చి ఒంట్లో తమ తమ చోట్ల కూర్చున్నాయి. తెలిసింది. తెలిసి, గడప మీద కాసేపు నిలబడ్డాడు. పిలిస్తే ఇప్పుడైనా ఆటో ఆగుతుందేమో. పిలిచి ఏమని చెప్పాలి? అక్కడ పసివాడు సూదులు గుచ్చించుకుని పడుకున్నాడు. వాడికి మీగడ పోసిన చెయ్యి, నాకూ బాగాలేదని ఆ పక్కనే చాపడమా? అయినా అది పాలు కాదు. గిన్నె కడుగు. రేపు చూసుకోవచ్చు, పిల్లవాడు తేరుకున్నాక. అలా అనుకున్నాక కొంచెం తేలికపడ్డాడు.

ఆనపకాయ కూర, చారు చేసి మూతలు పెట్టాడు. ఎవరూ తినరని తెలుసు. పార్వతీదేవి బల్ల మీదే వదిలేసిన ఫోను మళ్లీ మోగింది. ఈసారి అతనే తియ్యాల్సి వచ్చింది. ఎక్కడ నొక్కాలో తెలియక వేళ్లతో తడిమాడు.

"తాతగారూ, హర్షితని." ఆ పిల్ల గొంతు మెత్తగా ఉంది. "బాబు కళ్లు తెరిచాడు. వంట తాత ఏడీ అన్నాడు."

అతను ఫోనుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వింటున్నారా? మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి. చూసుకోవలసింది మేం. డాక్టరుగారు పాలు మానిపించమన్నారు. నోటితో కొద్దికొద్దిగా పల్చటివి తాగించొచ్చన్నారు. ఇక్కడివి ఏవీ ఉంచుకోవటం లేదు. మీరు బార్లీ నీళ్లు కాచి ఉంచుతారా? సాయంత్రం ఈయన బట్టల కోసం వస్తారు, పట్టుకొస్తారు."

"ఎంత పెట్టనమ్మా?"

ఆ ప్రశ్న తన నోటివెంట వచ్చినందుకు అతనికే వింతగా అనిపించింది. యాభై ఏళ్లుగా ఎవరినీ అడగలేదు. వందమందికైనా రెండొందలమందికైనా కంటితోనే తేల్చేసేవాడు.

"డాక్టరుగారిని అడిగి చెప్తానుండండి." అటు ఏవో మాటలు వినిపించాయి. "చెంబుడు చాలన్నారు. రాత్రికి ఎంత పట్టించాలో ఆయనే చెప్తారు. ఉప్పూ పంచదారా మీరేం వెయ్యొద్దు."

"చెంబుడు. ఏమీ వెయ్యకూడదు." తిరిగి అన్నాడు. "బాబు గ్లాసు ఎంతుంటుందో చెప్పమ్మా డాక్టరుగారికి. చిన్నదే."

బార్లీ గింజలు కొట్టు డబ్బాలో వెనక ఎక్కడో ఉన్నాయి. నీరసానికి ఆగలేక రెండుసార్లు కూర్చుని లేచి, తీశాడు. పురుగు లేకుండా ఏరాడు. మూడు నీళ్లు మార్చి కడిగాడు. సన్నటి సెగ మీద పెట్టి అక్కడే నిలబడ్డాడు. ఒక్క మనిషి కోసం అతను ఎప్పుడూ వండలేదు. తన కోసం వండుకున్నది లేదు, జ్ఞానాంబకి జావ కాచి పోసినదీ లేదు. గింజ మెత్తబడి నీళ్లు పాలపొంగు రంగుకు తిరిగాక దించి, పల్చటి గుడ్డలో వడకట్టాడు. పల్చన చాలలేదనిపించి మళ్లీ వడకట్టాడు. రాగిచెంబు వద్దని, పార్వతీదేవి వేసవికని కొని ఉంచిన కొత్త మట్టి కూజా కడిగి అందులోకి వంచాడు. సరిగ్గా మెడదాకా వచ్చింది. చుట్టూ తడిగుడ్డ చుట్టి, మూతికి చిన్న పళ్లెం బోర్లించి, కిటికీ కింద గాలి తగిలే చోట పెట్టాడు.

తనకు గొంతు పిడచకట్టుకుపోతోంది. కుండలో నీళ్లు ముంచుకుని తాగాడు. నిలవలేదు. పెరట్లోంచి వచ్చి మళ్లీ తాగాడు. కళ్ల ముందు గట్టు వంకరగా కదిలింది. పైపంచె తీసి నాపరాళ్ల మీద పరుచుకుని, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. రాయి చల్లగా హాయిగా ఉంది. గుండె, బంతి మధ్యలో చెయ్యి ఆపినట్టు, ఒకసారి ఆగి మళ్లీ కదిలింది. కాసేపు పడుకుని లేస్తే ప్రదీప్ వచ్చే వేళకు వాకిట్లో ఉండొచ్చు అనుకున్నాడు. కూజా తీసుకెళ్లేటప్పుడు కుదుపులకి ఒలక్కుండా ఒళ్లో పెట్టుకోమని చెప్పాలి.

సాయంత్రం లక్ష్మణమ్మ వెనక తలుపు తోసుకుని వచ్చింది. అంట్లు లేవు. వండిన కూర మూత తీసి చూస్తే ఎవరూ కదపలేదు.

"పంతులుబాబూ, ఒండినోళ్లు ఒండినట్టే, పడుకున్నోళ్లు పడుకున్నట్టేనా? లెగు లెగు. దీపాలు పెట్టే యేళ అవతన్నాది."

అతను పలకలేదు. ఎప్పుడూ రెండో పిలుపుకి గాని పలకడు కదా అని ఆమె పీట వాల్చుకుంది. మళ్లీ పిలిచింది. లేచి వచ్చి పాదం ముట్టుకుంది. తీసిన చెయ్యి అలాగే పట్టుకుని, కేక వెయ్యకుండా, గోడవారగా చతికిలబడింది.

వాకిట్లో కారు ఆగింది. ప్రదీప్ తల్లినీ తండ్రినీ దుకాణం దగ్గర ఎక్కించుకుని వచ్చాడు. ముగ్గురి మొహాలూ కొంచెం తెరిపిన పడ్డాయి. మధ్యాహ్నం తీసిన రక్తంలో పిల్లవాడి సున్నం దిగడం మొదలైందట. ఆ మాట ముందుగా పంతులుగారికే చెప్పాలని ప్రదీప్ తిన్నగా వంటింట్లోకి వచ్చాడు.

తరవాత అందరూ ఆ చిన్న వంటింట్లోనే నిలబడిపోయారు. భీమశంకరరావు గుమ్మం పట్టుకున్నాడు.

"పొద్దున్న బాగానే ఉన్నారు గదే" అంది పార్వతీదేవి.

"ఎక్కడమ్మా బాగా! మొకం పీక్కుపోయి ఎన్నాళ్లో అయినాది. ఆస్పత్రికెల్లమని నాను మొత్తుకుంతనే ఉన్నాను." లక్ష్మణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ పాలగిన్నెడుగు నాకెప్పుడైనా మిగిల్చినాడా? రోజూ ఏణ్ణీళ్లు పోసుకుని తాగీసీవోడు గదా."

"తాగరు గదా అని నేను అడిగాను. బంతిలో లేననీసారు నాతో."

"తాగడానికి ఆ బాబుకి గలాసేదమ్మా?"

పార్వతీదేవి కొంగు మొహానికి కప్పుకుని తలుపు వెనక్కి జరిగింది. ప్రదీప్ మోకాళ్ల మీద కూర్చుని, పక్కకు జారిన పైపంచె అంచు సర్దబోయి, మళ్లీ వదిలేశాడు. అతని జేబులో ఫోను మోగింది. హర్షిత. చాలాసేపు మోగనిచ్చి తీశాడు. విని, "ఆఁ, కాసి పెట్టారు" అన్నాడు. ఆ మాటతో ఫోను జేబులో పెట్టేశాడు.

పార్వతీదేవి వెళ్లి కిటికీ కింద వంగింది. కూజా మెడ మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. శవమున్న ఇంట్లో వండిన వస్తువు పసివాడి నోట్లో పొయ్యకూడదు. తల్లి అలా చెయ్యి వెనక్కి తీసుకోవడం చూసి ప్రదీప్ తల తిప్పుకున్నాడు. "దార్లో ఏదైనా కొంటాను లే" అన్నాడు. అరసవల్లిలో పంతులుగారి వాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోవడానికి భీమశంకరరావు వీధిలోకి వెళ్లాడు. లక్ష్మణమ్మ దీపం కోసం నూనె వెతుకుతోంది.

కిటికీ కింద కూజా చుట్టూ కట్టిన తడిగుడ్డ పైఅంచు నుంచి మెల్లగా ఆరుతోంది. బోర్లించిన పళ్లెం కింద బార్లీ నీళ్లు మెడదాకా నిండుగా, చల్లగా, ఒక్క గుక్క తగ్గకుండా ఉన్నాయి.